టర్బోకు కట్టిన నిమ్మకాయ

గాజు గొట్టంలో పాలు విరగడానికి ఎంతోసేపు పట్టదు. స్పిరిట్ దీపం మీద పెట్టి అటూ ఇటూ తిప్పితే ముందు అంచుల్లో సన్నటి తునకలు కనిపిస్తాయి. ఆ తర్వాత ఇక చూసేదేమీ ఉండదు. బాన్సువాడ పాల కేంద్రంలో హరనాథబాబు ఆ గొట్టాన్ని వెలుతురుకేసి ఎత్తినప్పుడు, కిటికీ బయట నిలబడ్డ భూమేశ్ ఆయన ముఖం చూడలేదు. గొట్టమే చూశాడు. తునకలు కనిపించాయి.

"విరిగాయి భూమేశ్," అన్నాడు హరనాథబాబు. "ఇవి తీసుకెళ్లి ట్యాంకులో పోశానంటే మిగతా ఊళ్ల పాలన్నీ పోతాయి. నేనేం చేసేది చెప్పు."

"పొద్దుగాల పిండిన పాలే సారూ. తండల నేనే మూత తీసి వాసన చూసిన. మంచిగుండె."

"అక్కడ బాగానే ఉంటాయయ్యా. ఇక్కడికొచ్చేసరికే పోతున్నాయి. మొన్నోసారి వెనక్కి పంపాను, ఇది రెండోసారి. ఇంకొక్కసారి ఇలా అయితే జుక్కల్ రూటే ఎత్తేస్తామని పైవాళ్లు అంటున్నారు. నా చేతుల్లో ఏమీ లేదు."

హరనాథబాబు వర్ని దగ్గర కాలువ కింది ఊరివాడు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నిదానస్తుడు, ఒకరి నోటి కాడిది లాక్కునే రకం కాదు. అదే పెద్ద చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని మనసు తేలిక చేసుకోవచ్చు. భూమేశ్‌కు ఆ సుఖం కూడా లేకపోయింది.

క్యాన్లు మళ్లీ బండికెక్కించి, ఊరవతల వాగులో పారబోశాడు. రెండు వేల మూడో సంవత్సరం ఎండాకాలం అది. వాగులో నీళ్లు లేవు. ఇసుక మీద పాలు తెల్లగా పారి, చూస్తుండగానే ఇంకిపోయాయి. ఎక్కడివో కుక్కలు వచ్చి నాకడం మొదలుపెట్టాయి. భూమేశ్‌కు ఏడుపు వచ్చింది. కుక్కల ముందు ఏడిస్తే తప్పేముందని ఏడ్చాడు కూడా.

ఎందుకంటే ఆ రూటు పుట్టించింది అతనే. జుక్కల్ అవతల గుట్టకింది తండాలో అంతకు ముందు పాలబండి ఎరుగరు. ఉన్న బర్రెల పాలు నెయ్యి చేసి అంగడికి మోసుకుపోవడమే. భూమేశ్ దెగ్లూర్ నుంచి పాత టర్బో డీజిల్ వ్యాను కొనుక్కొచ్చి, తండాకు తానే పోయి, "మీరు పిండి పొయ్యుండ్రి. బాన్సువాడకు చేర్చుడు నా జిమ్మెదారి" అని మాటిచ్చాడు. ఎవరూ నమ్మని రోజున హేమ్లి ఒక్కతే చెంబు తెచ్చి క్యానులో వంచింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లు వంచారు. ఇప్పుడు ప్రతి గుడిసె ముందూ బర్రె ఉంది. రూటు ఎత్తేస్తే ఆ రాళ్ల బాటన పోయే బండి ఇంకొకటి లేదు. ఇక భూమేశ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలువ నీళ్లు అందని చెలక వాళ్లది. అతనూ భార్య గంగమణీ తినే ప్రతి ముద్దా ఆ బండి మీద నుంచే వస్తుంది.

ఆ బండేమో ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఎర్రమెట్ట ఎక్కమంటే మొరాయిస్తోంది. తండా నుంచి పిట్లం వైపు వచ్చే దారిలో అదొక్కటే పెద్ద ఎక్కుడు. నిండు క్యాన్లతో అక్కడికి రాగానే బండి దమ్ము వదిలేస్తుంది. మొదటి గేరులో, నల్లపొగ కక్కుతూ, నడిచే మనిషికంటే మెల్లగా పాకుతుంది. నడుమ ఆపి చల్లారనివ్వాలి. ఆ ఎండలో రేకు డబ్బాలాంటి వ్యానులో పాలు ఏమవుతాయో చిన్నపిల్లనడిగినా చెబుతుంది.

భూమేశ్ అక్కడి నుంచి నేరుగా దేవిదాస్ షెడ్డుకు పోయాడు. దేవిదాస్ నాందేడ్‌లో పని నేర్చి వచ్చిన మెకానిక్. చేయి మంచిది, నోరు మాత్రం వేపకాయ.

"దేవిదాసన్నా, టర్బో గాలి పెంచు. ఎంత పెరిగితె అంత పెంచు."

"అరే బాబా, గాలి పెంచుడంటె సైకిలు ట్యూబు అనుకున్నవా?" అన్నాడు దేవిదాస్, మంచం మీది నుంచి లేవకుండానే. "టర్బో గాలిని ఇంజన్లకు నూకుతది. ఎక్కువ నూకితె ఎక్కువ గుంజుతది. నిజమే. మరీ ఎక్కువ నూకితె ఇంజను తల లేచిపోతది. అప్పుడు నా దగ్గరకొచ్చి ఏడుస్తవు."

"ఇప్పుడే ఏడుస్తున్ననన్నా."

దేవిదాస్ అతని కళ్లు చూశాడు. లేచి బనీను తొడుక్కున్నాడు.

పెంచేముందు అసలు ఎందుకు తగ్గిందో చూడాలన్నాడు. పక్కనున్న పంక్చరు షాపు నుంచి గాలి పైపు లాక్కొచ్చి, టర్బో గొట్టాల్లోకి గాలి పెట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు రాశాడు. ఎక్కడా బుడగ రాలేదు. గాలి జల్లెడ విప్పి దులిపితే దోసెడు ఎర్రదుమ్ము రాలింది కానీ, రోగం అదొక్కటే కాదన్నాడు. చివరికి టర్బో పక్కనున్న గిన్నెలాంటి డబ్బాను, దాని నుంచి బయటికి వచ్చే సన్నటి కడ్డీని చూపించాడు.

"గాలి ఎక్కువైతె గీ కడ్డీ ముందటికి జరిగి కిటికీ తెరుస్తది. ఎక్కువైన దమ్ము బయటికి పోతది. ఇంజను బతుకుతది. నీ బండిల డబ్బా లోపలి స్ప్రింగు అలిసిపోయింది. అందుకే కడ్డీ జల్ది జరుగుతున్నది. గాలి నిండకముందే కిటికీ తెరుచుకుంటున్నది."

"అయితె గట్టిగ బిగియ్యి."

"ఆత్రగానికి బుద్ధి మట్టమని ఊకెనే అన్నరా?"

దేవిదాస్ కడ్డీ చివరి నట్టును ఇంత తిప్పి ఆగాడు. టైర్లలో గాలి చూసే పాత మీటరు ఒకటి వెతికి, దానికి సన్న గొట్టం తగిలించి, టర్బో గాలి దాన్లోకి వచ్చేలా చేసి, డ్రైవరు ముందు తీగతో కట్టాడు. ఎర్రమెట్ట దాకా ఇద్దరూ పోయారు. వెనక నీళ్లు నింపిన క్యాన్లు. ఎక్కుడు మీద మీటరు ముల్లు ఎంత లేస్తోందో చూసి, దిగి, నట్టు మరికాస్త తిప్పి, మళ్లీ ఎక్కించాడు. పంపులో డీజిల్ కూడా కొంచెం సరిచేశాడు. పొగ చూశాడు, నీళ్ల వేడి చూశాడు. బండి రెండో గేరులో మెట్టెక్కేసింది. అప్పుడు జేబులోంచి ఎర్ర రంగు సీసా తీసి మీటరు అద్దం మీద ఒక గీత గీశాడు.

"ముల్లు గీ గీత దాక వస్తె మంచిది. దాటిందంటె కాలు తియ్యాలె. ఎక్కుడు నడుమ అయినా సరే, ఎనక అత్తగారు కూసున్నా సరే. మెట్టెక్కినంక జరసేపు ఇంజను ఊకెనే నడవనియ్యి, టర్బో చల్లవడుతది. నాకు మాటియ్యి."

భూమేశ్ మాటిచ్చాడు. మాటివ్వడంలో అతనికి కరువు లేదు.

మర్నాడు పాలు విరగలేదు. ఆ మర్నాడూ విరగలేదు. హరనాథబాబు గొట్టం ఎత్తి చూసి తలాడించినప్పుడల్లా భూమేశ్‌కు ప్రాణం లేచొచ్చేది. ఇంట్లో గంగమణిని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకుపోయి, బానెట్ ఎత్తి, కొత్తగా చదువుకున్నవాడిలా అంతా వివరించాడు.

"గీ కడ్డీ చూసినవా? బండి పాణమంత గిండ్లనే ఉన్నది. గిది జల్ది జరిగేటందుకే మన పాలు ఇరిగినయి. దేవిదాసన్న బిగిచ్చిండు. ఇగ జరగది."

కిటికీ సంగతి చెప్పలేదు. ఇంజను బతికేది దానివల్లేనన్న మాటా చెప్పలేదు. భార్యకు అంత వివరం ఎందుకనుకున్నాడో, తనకే అంత పట్టలేదో. సగం తెలిసిన మొగుడు పావు వంతు చెబితే ఇల్లాలికి ఎంత అందుతుందో లెక్క వేసుకోవచ్చు.

గంగమణికి మాత్రం అందింది గట్టిగానే అందింది. మూలిగిన బండి ఒక్కసారిగా రయ్యిన పోతోందంటే నరుడి కన్ను పడకుండా ఉంటుందా? ఆ అమావాస్య నాడు మిరపకాయలూ నిమ్మకాయా తీగకు గుచ్చింది. ప్రతి అమావాస్యకూ బంపరుకు కట్టేదే. కానీ బండి ప్రాణం బంపరులో లేదని మొగుడే చెప్పాడు కదా. అతను స్నానం చేస్తుండగా బానెట్ ఎత్తి, సామాన్ల డబ్బాలోంచి పటకారు తీసి, ఆ కడ్డీకీ పక్కనున్న ఇనుప పట్టీకీ కలిపి తీగను రెండు పేటలుగా చుట్టింది. జరగకూడదన్నాడని పటకారుతో మెలితిప్పి మరీ బిగించింది. కళ్లకద్దుకుంది.

"లోపల కట్టిన, నిమ్మకాయ," అని చెప్పింది, అన్నం వడ్డిస్తూ.

"మంచిది," అన్నాడు భూమేశ్. ఎక్కడ కట్టావని అడగలేదు. ఎవరడుగుతారు?

మర్నాడు ఎర్రమెట్ట మీద బండి ఎగిరిపడింది. మూడో గేరులో ఎక్కింది. వెనక క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగుతుంటే భూమేశ్ నవ్వాడు. మీటరు చూశాడు. ముల్లు ఎర్రగీత దాటింది.

కాలు తీయాలి. దేవిదాస్ చెప్పింది గుర్తులేక కాదు. కానీ కాలు తీస్తే బండి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పాలు ఎండకు విరుగుతాయి. గాజు గొట్టం, తునకలు, వాగు ఇసుక, కుక్కలు అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. కాలు అక్కడే ఉంచాడు. ఏమీ కాలేదు. ఎప్పటికంటే ముందే కేంద్రానికి చేరాడు. గంగమణి నిమ్మకాయ మంచిదే కట్టిందనుకున్నాడు. దేవిదాస్ షెడ్డు ముందు నుంచి పోతూ హారన్ కొట్టాడు గానీ ఆగలేదు. ఆగితే మీటరు చూస్తాడు, చూస్తే నట్టు వదులు చేస్తాడు. ఆ భయం.

ముల్లు రోజూ దాటింది. తప్పని తెలిసి చేసే పని మొదటి రోజు గుండె దడ పుట్టిస్తుంది. తర్వాత అలవాటవుతుంది. ఇంజన్లోంచి ఎక్కుడు మీద కటకటమని కొత్త చప్పుడు వస్తుంటే, వినబడకుండా పాట పెట్టుకున్నాడు.

ఇంతలో తండాలో ఇంకో ముసలం పుట్టింది. పాలు రెండుసార్లు విరిగాయంటే నిజంగా విరిగాయా, దారిలో భూమేశే ఏమైనా చేస్తున్నాడా అని కొందరు గొణుగుతున్నారు. ఆ మాట హేమ్లికి నచ్చలేదు. ఒకరోజు పొద్దున క్యాన్లు ఎక్కించాక తానూ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

"నేను వస్త తమ్మీ. మన పాలు ఎట్ల చూస్తరో నా కండ్లతోని చూసి, తండల చెప్త. అప్పుడు ఎవరి నోరు లేవది."

"రా అక్కా," అన్నాడు భూమేశ్. అతనికి సంతోషమే అనిపించింది. ఈ రోజు ఆమె ముందు పాలు నిగనిగలాడాలని అనుకున్నాడు.

ఆ రోజు తండాలోనే ఆలస్యమైంది. ఒక బర్రె చేపక, దాని పాలకోసం ఆగాల్సి వచ్చింది. ఎర్రమెట్ట కిందికి వచ్చేసరికే ఎండ చురుక్కుమంటోంది. భూమేశ్ కాలు పూర్తిగా నొక్కాడు. బండి ఉరికింది. హేమ్లి కొంగు గట్టిగా పట్టుకుని, ముందు వణుకుతున్న మీటరును చూసింది.

"గీ ముల్లు ఏంది తమ్మీ?"

"బండి దమ్ము అక్కా."

"ఎర్రగీత ఎందుకు?"

"గా గీత దాక పోవచ్చని."

ఆమె కాసేపు చూసింది. "దాటింది కదా."

"ఏం కాదక్కా. రోజు దాటుతది."

ఆ మాట నోట్లో ఉండగానే ముందు నుంచి ధన్‌మని చప్పుడైంది. అద్దం నిండా తెల్లటి ఆవిరి కమ్మింది. బండి ఒక్క ఊపు ఊగి ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. భూమేశ్ బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. హేమ్లి దూకి, చేతికందిన రాయి తెచ్చి చక్రం కింద తోసింది. బండి నిలబడింది. ప్రాణాలు దక్కాయి. క్యాన్లూ పడలేదు. పాలింకా మంచివే. కానీ అవి ఎర్రమెట్ట నడుమ, చెట్టన్నది లేని చోట, ఎండలో ఉన్నాయి.

భూమేశ్ బానెట్ ఎత్తాడు. ఇంజను తల అంచుల నుంచి నీళ్లూ నూనే కలిసి కారుతున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆవిరి కాస్త తగ్గాక టర్బో పక్కన నల్లగా ఏదో వేలాడటం కనిపించింది. నిమ్మకాయ. మాడి బొగ్గయింది. తీగ మాత్రం చెక్కుచెదరలేదు. కడ్డీనీ పట్టీనీ కలిపి, రెండు పేటలుగా, పటకారుతో తిప్పిన మెలికతో సహా గట్టిగా ఉంది. కడ్డీ వెంట్రుకంత కూడా జరగలేదు. ఇన్నాళ్లూ కిటికీ ఒక్కసారీ తెరుచుకోలేదు.

అతను చూస్తూ నిలబడిపోయాడు. ముల్లు చెప్పింది. రోజూ చెప్పింది. ఒక్కరోజు కాలు తీసి, బానెట్ ఎత్తి చూసి ఉంటే ఈ తీగ కనిపించేది.

"ఏంది తమ్మీ గది?" హేమ్లి పక్కకు వచ్చింది.

"దిష్టికి కట్టింది. గీ కడ్డీ జరగాలె అక్కా. జరగనియ్యలేదు."

"ఎవరు కట్టిన్రు?"

"నేనే," అన్నాడు భూమేశ్.

ఇద్దరూ రోడ్డు మీదికి పోయి చేతులెత్తారు. ఆ వేళకు వచ్చేవి తక్కువ. వచ్చిన లారీ ఎక్కుడు మీద ఆపితే మళ్లీ కదలదని ఆపలేదు. జనంతో నిండిన జీపొకటి ఆగినా, క్యాన్లకు చోటు లేదు. భూమేశ్ దాని తలుపు పట్టుకుని కొంతదూరం పరుగెత్తాడు, రెండు క్యాన్లన్నా పైకెక్కించుకోమని. జీపు పోయింది. హేమ్లి తన తలమీది గుడ్డా, సీటు మీది దుప్పటీ, భూమేశ్ అంగీ తడిపి క్యాన్ల మీద కప్పింది. తాగే నీళ్లు అయిపోయాయి. గుడ్డలు ఎండిపోయాయి. మళ్లీ తడపడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం దాటాక ఒక ట్రాక్టరు దొరికింది. క్యాన్లు దాన్లోకి మార్చబోతుంటే హేమ్లి ఆపింది. ఒక క్యాను మూత తీసి వాసన చూసింది. తన క్యాను కూడా తీసి, అరచేతిలో కొంచెం వంచుకుని చూసింది. మూత పెట్టేసింది.

"వద్దు తమ్మీ. ఇరిగినయి. గంత దూరం మోసుకపోయి, కేంద్రం సారు వద్దంటుంటె చూడవడుతదా?"

అయినా భూమేశ్ తీసుకుపోయాడు. హరనాథబాబు గొట్టం తేలేదు. మూతలు తీయగానే తెలిసింది. ఆయనే మూతలు మళ్లీ పెట్టాడు. "రేపట్నుంచి అటు బండి వద్దని రాసి పంపాలి భూమేశ్. రాయకుండా ఉండలేను," అన్నాడు. హేమ్లి ఆయన బల్ల మీదున్న స్పిరిట్ దీపాన్ని, గాజు గొట్టాలను ఒక్కొక్కటే చూసింది. చూడ్డానికే కదా వచ్చింది.

బయటికొచ్చాక అడిగింది. "తండల ఏం చెప్పాలె?"

"నేను గీత దాటిచ్చిన అని చెప్పు అక్కా. పాలు మంచివే అని చెప్పు."

ఆమె తల ఊపి బస్టాండు వైపు నడిచింది. రేపు పొద్దున బర్రెలు ఎప్పటిలాగే చేపుతాయి. వాటికి రూటు సంగతి తెలియదు. ఆడవాళ్లు పిండి, బాట వైపు చూస్తారు. భూమేశ్ బండి ఇంకా ఎర్రమెట్ట మీదే ఉంది. దేవిదాస్ దగ్గరికి పోవాలి. ఇంజను తల విప్పాలి, ఎంత పోయిందో చూడాలి. వేపకాయ నోటి మాటలన్నీ పడాలి. పడతాడు. కానీ ఎంత బాగుచేసినా బండికి పోవలసిన బాట లేదు.

ఇంటికి చేరేసరికి వార్త ముందే చేరింది. గంగమణి గడపలో నిలబడి ఉంది. అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూసి, చేతులు తడిమి, ఎక్కడా దెబ్బ లేదని తేలాక కానీ ఏడవలేదు.

"బండి ఎనక్కి జారిందంట కదా. లోయల పడకుండ నిలవడ్డదంట." ముక్కు చీదుకుని అడిగింది. "నేను కట్టిన నిమ్మకాయ ఉన్నదా?"

భూమేశ్ జేబులో చెయ్యి పెట్టాడు. అక్కడ ఆ తీగ ఉంది. విప్పినప్పుడు పారేయబుద్ధి కాలేదు.

"మాడింది. బొగ్గయింది."

గంగమణి రెండు చేతులూ జోడించి పైకి మొక్కింది. ముఖం ఒక్కసారిగా తేటపడింది. "చూసినవా, నీకు రావలసిందంత అదే గుంజుకున్నది. బండి పోతె పోయె. రూటు పోతె పోయె. నువ్వు దక్కినవు. గది కట్టకుంటె ఈ పొద్దు నా గతేంది?"

చెప్పాలనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఆమె కళ్లలో ఉన్న ఆ కాస్త ధైర్యం తప్ప ఆ ఇంట్లో ఇక మిగిలింది ఏమీ లేదు. జేబులో తీగను గట్టిగా పట్టుకున్నాడు, అరచేతిలో గుచ్చుకునేంత.

"అవును," అన్నాడు.

ఆమె లోపలికి పోయి కొత్త నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు తెచ్చి గడపలో కూర్చుని తీగకు గుచ్చింది. బండి లేదు కనుక దర్వాజకు కడతానంది. స్టూలెక్కి, మేకుకు తీగ చుట్టి, వేళ్లతో బిగిస్తే బిగియక పటకారు అడిగింది.

భూమేశ్ లేచి ఇచ్చాడు.